ఇటుకల గాలి బురుజు

ఫిబ్రవరి 4
బోధన్ పార్కులో నేను కట్టిస్తున్న ఇటుకల బురుజు నా తల దాటింది. అక్కడున్నంతసేపూ బాగానే ఉంటుంది. కంఠేశ్వర్‌లో ఇల్లు చేరగానే కాలు నిలవదు. ఏ వరసైనా వంకరపోయిందా... ఫోన్‌లో ఫొటోలు పెద్దవి చేసి చూడడమే పని.

ఫిబ్రవరి 6
చెరకు ట్రాక్టర్ ఆపి ఒకాయన దిగాడు. "ఏం గుడి కడుతున్నరమ్మా?"
గుడి కాదు, శిల్పం. దుబాయిలో పాత ఇళ్ల మీద ఇలాంటివి ఉంటాయి, పైన గాలి పట్టి కింద గదిలోకి దింపుతాయి — చెప్పాను.
"మనకు గాలికేం కరువు?" నవ్వుతూ పోయాడు. నాకు నవ్వు రాలేదు.

ఫిబ్రవరి 9
అన్న దుబాయి నుంచి వచ్చేశాడు, ఈసారి మొత్తానికే. రెంజల్‌లో వాళ్లింటికి వెళ్లి చూశాను. సగమైపోయాడు. బురుజు మాట ఎత్తలేదు. తనే చూడాలి. ఎప్పుడో అన్న పంపిన ఫొటోలోదే అది — దాని ముందు నిలబడి నవ్వుతూ...

ఫిబ్రవరి 12
అన్నను బండి మీద పార్కుకు తీసుకొచ్చాను. దూరం నుంచే చూసి ఆగిపోయాడు.
"గిదెందుకు కట్టినవ్?"
నువ్వు పంపిన ఫొటోలోదే అన్నా...
"బాపు పోయిండని నాకు ఫోనొచ్చింది గా బురుజు కిందనే. ఇంటికి వస్తనంటే సేటు పాస్‌పోర్టు ఇయ్యలే. పొద్దుగూకెదాక ఆడనే కూసున్న."
ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు. ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

ఫిబ్రవరి 13
పని ఆపించాను. నాకు జ్వరమని మేస్త్రీతో అబద్ధం చెప్పాను.

ఫిబ్రవరి 15
మళ్లీ రెంజల్. వదిన చాయ్ ఇచ్చి లోపలికి వెళ్లింది.
"కూలగొడత అన్నా." నిజంగానే అన్నాను.
అన్న చాయ్ ఒక గుక్క తాగాడు. తర్వాత — "గాలి దిగుతదా లోపలికి?"
పైభాగం ఇంకా కట్టలేదన్నాను.
"ఆడ దిగేది. గంత ఎండల గూడ సల్లగుండేది. గందుకే సెలవున్నప్పుడల్ల, శుక్కురారం శుక్కురారం పోతుంటి." గ్లాసు కింద పెట్టాడు. "కూలగొట్టకు. నన్ను మాత్రం రమ్మనకు."

ఫిబ్రవరి 18
పని మొదలు. పైన నాలుగు వైపులా కిటికీలు.

ఫిబ్రవరి 26
అయిపోయింది. బీడీలు చుట్టే అవ్వలిద్దరు చాటలతో వచ్చి లోపల కూర్చున్నారు. "సల్లగున్నది బిడ్డా... గని తంబాకు ఎగురుతున్నది!"
అన్నకు చెప్పాలా? రమ్మనకు అన్నాడు, చెప్పొద్దనలేదు...

ఫిబ్రవరి 27
వదిన ఫోన్. "మీ అన్న పొద్దుగాలనే బోధన్ బస్సెక్కిండు. ఆడికి అచ్చిండా?"
బురుజు అయిపోయిందని నేనింకా చెప్పనే లేదు. పార్కంతా తిరిగాను. రోడ్డు మీదా చూశాను. లేడు. వచ్చి చూసి వెళ్లిపోయాడా, ఇంకా రాలేదా... ఇంటికి పోలేను. కూర్చోలేను.