అక్క చూపులో పట్టినవి

మే 12, ఆదివారం

జలపాతం చూశాం. అంటే నేను చూశాను, మా బస్సులో వాళ్ళందరూ చూశారు. అక్క చూసిందో లేదో తెలియదు. బావుందిరా అంది. నిన్న కొండనీ బావుందిరా అంది, మొన్న వంతెననీ బావుందిరా అంది. వరసగా మూడింటిని మెచ్చుకునే మనిషి కాదు మా అక్క. నా పెళ్ళి భోజనాలకి పెట్టిన వంకని ఇప్పటికీ వెనక్కి తీసుకోలేదు.

డాక్టరు చెప్పింది ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. అక్కకి గ్లకోమా. చూపు చుట్టూ అంచుల నుంచి లోపలికి మూసుకొస్తోంది. నడుమ మిగిలింది మాత్రం శుభ్రంగా ఉంది. అందుకే సూదిలో దారం ఒక్క దెబ్బకి ఎక్కిస్తుంది, వెంటనే లేచి తలుపుకి గుద్దుకుంటుంది. జీవితమంతా జాకెట్లు కుట్టిన మనిషి. ఆవిడ దారం ఎక్కించడం చూసిన ఇంట్లోవాళ్ళు గుద్దుకోవడాన్ని చాలాకాలం నమ్మలేదు. పోయిన చూపు తిరిగి రాదట. మందులు వేస్తే ఉన్నది ఉండొచ్చట, ఎన్నాళ్ళో చెప్పలేడట. మావయ్యా, అమ్మకి చూపించాల్సినవి ఇప్పుడే చూపించెయ్, అని మేనకోడలు ఈ విదేశీ టూరు బుక్ చేసి నన్ను తోడు పంపింది.

ఏ టూరో నన్నే ఎంచమంటే, పెద్దపెద్దవన్నీ ఉన్నది ఏరి మరీ ఎంచాను. అక్క మనసులో నిలిచిపోయేది ఒక్కటైనా చూపించి తీసుకెళ్ళాలి. లేకపోతే నేను వచ్చి ఏం లాభం, సూట్‌కేసు మొయ్యడానికా.

మే 13

టవరు. తలెత్తి చూడక్కా అన్నాను. చూసింది. బావుందిరా అంది. ఆవిడ చూస్తున్నది టవరు పక్కనున్న దీపస్తంభాన్ని.

మే 13, సాయంత్రం

అడిగేశాను. చేతిగాజులోంచి చూసినట్టుంటుందిరా అంది. జలపాతం దగ్గర ఒక తెల్లటి ముక్క కనిపించిందట. కొండ దగ్గర ఒక రాయి. మరి బావుందన్నావెందుకే అంటే, నువ్వలా పెళ్ళికొడుకులా ముందు నడుస్తూ చూపిస్తుంటే కనిపించట్లేదని ఎలా చెప్పనురా అంది.  

మే 14

ఇవాళ చాలా రాయాలి.

నేను బస్సు కండక్టరుగా పని చేసినవాణ్ణి. బడి చదువు లేదు. నా చదువంతా జనం సీట్లలో మరిచిపోయిన పుస్తకాలే. సగంలో ఉండగా సొంతదారు పరిగెత్తుకొచ్చి పట్టుకుపోయేవాడు. అందువల్ల నాకు చాలా కథల మొదళ్ళు తెలుసు, చివరలు తెలియవు. ఒక జమీందారుని ఎవరు చంపారో తెలియకుండానే రిటైరయ్యాను. అలాంటి ఒక పుస్తకంలోనే చదివాను, దేశాలు తమ గొప్ప బొమ్మలన్నీ రాజభవనాల్లాంటి మ్యూజియాల్లో పెట్టుకుంటాయని.

ఇవాళ షాపింగ్ రోజు. బజారులో ఉండగా వాన పట్టుకుంది. ఎదురుగా ఏదో తలుపు తీసి ఉంటే దూరాం. జాతీయ చిత్రకళా మ్యూజియం అని బోర్డు. లోపల చూస్తే నాలుగు గదులు. మా డిపో క్యాంటీన్ ఇంతకంటే పెద్దది. దేశం మొత్తానికి ఇంతేనా అన్నాను. ఉన్నంతలో సర్దుకునే కుటుంబం కాబోలులే అంది అక్క.

మొదటి రెండు గదుల్లో గోడంత యుద్ధాలు, గుర్రాలు. బావుందిరా అంది. నా ప్రాణం చివుక్కుమంది. మూడో గదిలో అన్నీ చిన్నవి. అరచెయ్యంత, పోస్టుకార్డంత. అక్క ఒకదాని ముందు ఆగింది. ఆగిన మనిషి కదలదు. బావుందా అని అడగడానికి నాకు భయమేసింది.

ఒరేయ్, ఈయన మొత్తం ఉన్నాడురా అంది.

ఎవరే అన్నాను. ఈయనేరా, టోపీ ఉంది, గడ్డం ఉంది, కోటు గుండీలున్నాయి, చేతులు కూడా ఉన్నాయి, తల తిప్పకుండానే మొత్తం మనిషి దొరికాడురా అంది. పంటినొప్పితో ఉన్నట్టున్నాడు పాపం, మన పెదనాన్న కూడా ఫోటో అంటే ఇలాగే మొహం పెట్టేవాడు అంది. ఆ మాటతో నాకు తెలిసింది, ఈసారి నిజంగానే చూస్తోందని. నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. వాన తడి అని చెప్పాను.

అప్పుడు జరిగింది. అక్క చెయ్యి చాచి ఆ ఫ్రేముని తాకి, ఆ వేళ్ళు రెండు కళ్ళకీ అద్దుకుంది. కాలు తగిలిన పుస్తకాన్ని కళ్ళకద్దుకుంటాం, కొత్త చీర చేతికిస్తే కళ్ళకద్దుకుంటాం. ఆ చెయ్యి అక్కని అడిగి లేవలేదు. అలారం మోగింది.

తలుపంత గార్డు వచ్చాడు. మమ్మల్ని ఒక ఆఫీసు గదిలోకి తీసుకెళ్ళాడు. అక్కడ ఆఫీసరమ్మ, నెరిసిన క్రాపు, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు. బొమ్మని ఎందుకు ముట్టుకున్నారని అడిగింది. వింటే అర్థమవుతుంది గానీ, మాట్లాడబోతే నా ఇంగ్లీషు టికెట్ టికెట్ అనడానికి, ముందుకి జరగమనడానికి సరిపోయే ఇంగ్లీషు. దాంతో కుదరక ఆవిడ బల్లని ముట్టుకుని నా కళ్ళకద్దుకుని చూపించాను. తరువాత వేళ్ళతో సున్నా చుట్టి, అక్క కంటి దగ్గర పెట్టి, ఆ సున్నాని మెల్లగా చిన్నది చేశాను. ఆవిడకి అర్థమైంది. అయినా రూలు రూలేనట. ఇవాళ్టికి మళ్ళీ ఆ గదిలోకి పంపడం కుదరదట.

అక్కకి చెప్పాను. ఇంకా రెండు గోడలు చూడలేదురా అంది. ఈ ప్రయాణంలో ఆవిడ నోట కావాలన్న మాట రావడం ఇదే మొదలు.

ఆఫీసరమ్మ మా ఇద్దరి మొహాలూ చూసింది. ఎప్పుడు వెళ్ళిపోతున్నారని అడిగింది. ఎల్లుండి అన్నాను. రేపు తమకి సెలవట, జనాన్ని రానివ్వరట. పొద్దున్న వెనక తలుపు దగ్గరికి రండి, నేనుంటాను అంది.

మే 15, ఉదయం

మా బస్సు రోప్‌వేకి వెళ్ళిపోయింది. అంకుల్, టూర్ మొత్తానికి అదే హైలైట్, మిస్సయితే బాధపడతారు అంది గైడమ్మాయి. బాధపడతాలే అమ్మా అన్నాను.

మే 15, సాయంత్రం

నిన్నటి గార్డే తలుపు తీశాడు. అక్క హాయిగా కూర్చోగలిగే కుర్చీ వెతికి తెచ్చాడు. ఆఫీసరమ్మ గ్లవ్స్ వేసుకుని, గోడల మీది చిన్న బొమ్మలని ఒక్కొక్కటే దించి, బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి, దీపం సర్ది, అక్క ముందు పెట్టింది. పెళ్ళిచూపుల్లో కూడా అంత మర్యాద ఎవరూ చెయ్యలేదంది అక్క. రెండు చేతులూ కొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది, మళ్ళీ వాటంతటవి లేస్తాయేమోనని.

ఒక బొమ్మలో వంటిల్లు. ఇల్లాలు కిటికీలోంచి బయటికి చూస్తోంది, వెనక పిల్లి చేప లాక్కుపోతోంది. అక్క నవ్వింది. ఆ మహాతల్లి చూపు నాకంటే ఘోరంగా ఉందిరా అంది. ఏమన్నారని ఆఫీసరమ్మ అడిగితే, నాకు వచ్చిన ముక్కల్లో చెప్పాను. ఆవిడ కుర్చీ పట్టుకుని నవ్వింది. గార్డుకి చెబితే అతనూ నవ్వాడు.

ఈ గదిలో ఎవరూ ఆగరట. అందరూ పెద్ద బొమ్మలెక్కడ అని అడుగుతూ దాటిపోతారట. అది చెబితే అక్క, మా తమ్ముడూ ఆ బాపతేనని చెప్పరా అంది. చెప్పాను. ఆఫీసరమ్మ నన్ను జాలిగా చూసింది.

మధ్యాహ్నం దాటేదాకా ఒక్కసారి కూడా బావుందిరా అనలేదు. ఈ బాతుకి మెడ సరిగా రాలేదంది. ఈ పిల్ల గౌనుకి లేసు ఎంత ముద్దుగా ఉందో అంది. ఈయనెవరో అప్పు అడగడానికి వచ్చిన మొహం అంది. వంకలు పెడుతూనే ఉంది. నా పెళ్ళి తరువాత అంత హుషారుగా వంకలు పెట్టడం ఇదే చూడటం. నేను గోడకి ఆనుకుని వింటూ కూర్చున్నాను. ఇంకేం కావాలనిపించింది.

బయల్దేరేటప్పుడు, మన తరఫున చెప్పరా అంది. థాంక్యూ అన్నాను. ఇంత చేస్తే ఒక్క ముక్కేనా అంది. థాంక్యూ వెరీ మచ్ అన్నాను. ఇంకా చెప్పు అంది. నా దగ్గర అంతకుమించి ఇంగ్లీషు లేదు. తెలుగులో మొదలుపెట్టాను. మీరు చల్లగా ఉండాలమ్మా, మీ కళ్ళు చల్లగా ఉండాలి, మీ పిల్లల కళ్ళు చల్లగా ఉండాలి అని ఏదో చాలాసేపు చెప్పాను. ఆవిడ మధ్యలో ఆపకుండా, తలాడిస్తూ, చివరిదాకా విన్నది.

మే 16, ఎయిర్‌పోర్టు

విమానం లేటు. పొడుగాటి హాలు. అక్క కుర్చీలో కూర్చుని, ఒరేయ్, అలా దూరంగా వెళ్ళి నిలబడు అంది. వెళ్ళాను. ఇంకా పొమ్మని చెయ్యి ఊపింది. కాఫీ కొట్టు కూడా దాటాక ఆగమన్నట్టు చెయ్యెత్తింది. తల తిప్పకుండానే, నన్ను తల నుంచి చెప్పుల దాకా తీరిగ్గా చూస్తోంది. ఫోటో తీస్తున్నారనుకుని ఒకాయన ట్రాలీతో సహా మా మధ్యకి రాకుండా ఆగిపోయాడు. అక్క చేతిలో ఏమీ లేదు. నేను పొట్ట లోపలికి లాక్కుని నిలబడ్డాను.