అత్తయ్య ఫోన్‌లో అన్న మాట

ప్రియమైన చిత్రికగారికి,

మీరూ, మీ రంపమూ, మీ చిత్రికా క్షేమమని తలుస్తాను. అత్తయ్యకు ఆయాసం తగ్గిందా?

ఇక్కడ పోలీసు ట్రైనింగ్‌కి కొత్త బ్యాచ్ దిగింది. అందరూ ఆడపిల్లలే. పిస్టల్ చేతికిస్తే ఒకతె పాముని పట్టుకున్నట్టు పట్టుకుంటుంది, ఇంకొకతె పాలగ్లాసు పట్టుకున్నట్టు. ఇంకా తూటాలు ఇవ్వలేదు. "కాల్చాలని నిర్ణయించుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి రాకూడదు" అని చెప్పీ చెప్పీ నా గొంతు బొంగురుపోయింది.

మధ్యాహ్నాలు పరుపుల హాల్లో కుస్తీ. చెయ్యి పట్టుకుంటే ఎలా విడిపించుకోవాలి, కత్తితో మీదికొస్తే ఎటు తప్పుకోవాలి, బేడీలు ఎలా వెయ్యాలి. నిన్న ఒక పొడుగుపిల్ల నన్ను ఎత్తి కింద పడేసి, "సారీ మేడమ్, సారీ మేడమ్" అంటూ తనే ఏడుపు లంకించుకుంది. పరుపు మీద పడుకుని కడుపు చెక్కలయ్యేలా నవ్వాను.

ఒక పని చేసిపెట్టాలి. ఇక్కడ సాధనకి వాడే ప్లాస్టిక్ పిస్టళ్లు రెండుసార్లు పడితే విరిగిపోతున్నాయి. మీరు చెక్కతో చేసి పంపగలరా? కత్తులు కూడా. బొమ్మ కింద గీసి పెట్టాను.

ఫోన్ చెయ్యడం లేదని అలగకండి. హాస్టల్లో ఒకటే గోల. ఒక్క ముక్క సరిగ్గా వినిపించదు. ఉత్తరమే నయం.

మీ
గురి


ప్రియమైన గురిగారికి,

నీ పిస్టళ్లు పార్శిల్ చేశాను. బస్సాఫీసులో గుమాస్తా పెట్టె విప్పి చూసి బెదిరిపోయాడు. "మా ఆవిడ పోలీసు" అంటే ఇంకా బెదిరాడు.

నీకో వింత చెప్పనా? వాటిని గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేసింది అమ్మ. నేను వద్దంటే, "పిల్లల చేతుల్లో పేళ్లు దిగవూ?" అంది. మంచంలో కూర్చుని ఒక్కోటీ ఒళ్లో పెట్టుకుని రుద్దింది.

మంచం అన్నాను కదా. అమ్మకి బాగాలేదు. గుండె బలహీనపడిందన్నాడు డాక్టరు. చీటికీ మాటికీ నిన్నే అడుగుతోంది. "దాంతో ఒక మాట చెప్పాలి" అంటుంది. ఏం మాటో నాకు చెప్పదు. గోలో గీలో, ఆదివారం మాత్రం ఫోన్ చెయ్యి. వీలైతే సెలవు పెట్టి రా.

నీ
చిత్రిక


ప్రియమైన చిత్రికగారికి,

ఆదివారం అత్తయ్యతో మాట్లాడాక కాస్త కుదుటపడ్డాను. ఇంత చలి నాకో లెక్కా? ఆ దుప్పటి ఆవిడనే కప్పుకోమనండి.

పిల్లలకి కాల్పుల పరీక్ష దగ్గరకొచ్చింది. మన పొడుగుపిల్ల ట్రిగ్గర్ నొక్కే ముందు రెండు కళ్లూ గట్టిగా మూసేసుకుంటుంది. "కళ్లు మూసుకుని ఎవర్ని కాలుస్తావే తల్లీ?" అంటే, "శబ్దం భయం మేడమ్" అని గొణుగుతుంది. ఆ గొణుగుడు వినాలంటే కాల్పుల మోతకి అడ్డంగా పెట్టుకునే చెవి డొప్ప ఒకవైపు పైకి లాక్కోక తప్పదు. ఇన్నేళ్లుగా అదే అలవాటు.

పరీక్ష అవ్వగానే బయల్దేరతాను. ఇప్పుడు వదిలేసి వస్తే ఈ పిల్ల పరీక్ష తప్పుతుంది. అత్తయ్యకి అలా చెప్పండి, అర్థం చేసుకుంటారు.

మీ
గురి


నీకు,

నువ్వు వెళ్లి నెల దాటింది. ఎదురుగా ఉన్నప్పుడు నోరు పెగల్లేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

అమ్మ పోయాక వచ్చావు. కాళ్లు పట్టుకుని ఏడ్చావు. చుట్టుపక్కలవాళ్లంతా "కూతురైనా ఇంతలా ఏడవదు" అన్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. బతికుండగా ఆవిడ ఫోన్‌లో నోరు తెరిచి ఒక్కటి అడిగింది. నువ్వు నవ్వావు. నవ్వి, "అవన్నీ ఇప్పుడెందుకండీ, తర్వాత చూద్దాం" అన్నావు. ఆ 'తర్వాత' ఎప్పుడొచ్చిందో నీకు తెలుసు.

నీకు ఆవిడ మీద కోపం ఉండటం తప్పనను. కానీ పోయేవాళ్ల మీద కూడానా?

కొన్నాళ్లు నాకు ఉత్తరాలు రాయకు.


ప్రియమైన మీకు,

రాయవద్దన్నారు. అయినా రాస్తున్నాను. చింపేసినా సరే, చదివాక చింపండి.

సోమవారం రేంజి మైదానంలో పిల్లల కాల్పులు జరుగుతున్నాయి. వరుసలో చివర పొడుగుపిల్ల. నేను దానికి వీపు పెట్టి, పక్కమ్మాయి భుజం సరిచేస్తున్నాను. పొడుగుపిల్ల ట్రిగ్గర్ నొక్కితే తూటా పేలలేదట. అలాంటప్పుడు పిస్టల్ ముందుకే ఉంచి, రెండో చెయ్యి ఎత్తి, గట్టిగా పిలవాలని నేర్పింది నేనే. అది అక్షరాలా అలాగే చేసింది. "మేడమ్! పేలలేదు మేడమ్!" అని అరిచింది. మళ్లీ మళ్లీ అరిచింది. నేను తిరగలేదు. దాంతో కంగారుపడి, పిస్టల్‌తో సహా నా వైపు తిరిగింది.

ఆయుధాల గది హవల్దారు ఒక్క ఉదుటున వచ్చి దాని మణికట్టు పట్టుకుని కిందికి వంచాడు. ఆ పెనుగులాటలో ట్రిగ్గర్ మళ్లీ నొక్కుకుపోయి, అంతవరకూ పేలని తూటా పేలింది. మట్టి లేచి నా బూట్ల మీద పడింది. ఎవరికీ ఏమీ కాలేదు.

హవల్దారు నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "పిల్ల అంతలా అరుస్తుంటే వినపడలేదా మేడమ్?" అన్నాడు. ఆ మాట నాకు అందింది, ఎందుకంటే ఆయన పెదాలు కనిపిస్తున్నాయి.

"వినపడలేదు" అన్నాను.

నాకు చాలాకాలంగా వినపడటం లేదండీ. ఎడమ చెవిలో ఎప్పుడూ ఈల వేసినట్టు ఒకటే మోత. కుడిచెవిలో మాటలు నీళ్లలోంచి వచ్చినట్టు వస్తాయి. ఎదురుగా ఉంటే పెదాలు చూసి నెట్టుకొస్తాను. ఫోన్‌లో పెదాలుండవు కదా. హాస్టల్లో గోల అన్నది అబద్ధం. బయటపడితే రేంజిలోంచి తీసేస్తారని భయపడ్డాను. ఆ భయం కాస్తా ఎవరి ప్రాణం మీదికో తెచ్చేది.

ఆ సాయంత్రమే కమాండెంట్‌గారి దగ్గరకెళ్లి ఉన్నదంతా చెప్పాను. "పరుపుల హాలు మీకే ఉంచుతాను. రేంజి మాత్రం ఇక వద్దు" అన్నారు. డాక్టరేమో పోయిన వినికిడి తిరిగి రాదని, మిషన్ పెట్టుకుంటే కొంత మెరుగని అన్నాడు. పొడుగుపిల్ల ట్రైనింగ్ మానేస్తానని పెట్టె సర్దుకుంది. తప్పు నాదని, తనది కాదని నచ్చజెప్పి ఆపేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఇక అసలు సంగతి. ఆ ఆదివారం అత్తయ్య మాట్లాడినంతసేపూ నాకు సన్నటి గొణుగుడు తప్ప ఏమీ అందలేదు. 'చలి' అన్నట్టు వినిపించింది. దుప్పటి పంపిస్తానంటున్నారు కాబోలనుకుని, నవ్వి జవాబు చెప్పాను. ఆవిడ ఏదో అడిగారని మీ ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు.

అత్తయ్య ఏమన్నారు? నేను బాధపడతానని మార్చి రాయకండి. ఉన్నది ఉన్నట్టు రాయండి.

మీ
గురి


ప్రియమైన గురిగారికి,

నీ ఉత్తరం షాపులో, కర్రపొట్టు మధ్య నిలబడి చదివాను. తర్వాత పని సాగలేదు. షట్టరు దించేసి ఇంటికొచ్చి కూర్చున్నాను.

మార్చి రాయవద్దన్నావు. రాయను.

నీకు ఉద్యోగం వచ్చిన కొత్తలో అమ్మ, "తుపాకీ పట్టిన చేత్తో నాకు వడ్డించకు" అంది. ఆ పూట నుంచి ఆవిడ కంచంలో ఆవిడే పెట్టుకునేది. నువ్వు పల్లెత్తు మాట అనలేదు. వంటంతా చేసి, గిన్నెలు ఆవిడ ముందు పెట్టి, పక్కకి జరిగేదానివి. నేను అన్నీ చూస్తూ, ఇద్దరికీ మంచివాణ్ని అనిపించుకుంటూ తినేసి లేచేవాణ్ని.

ఆ ఆదివారం అమ్మ నీతో అన్నది ఇది: "అమ్మాయ్, అప్పుడెప్పుడో నోరు జారాను. నీ చేత్తో పెట్టించుకుని ఒక్కపూట తినాలనుంది. వస్తావా?"

ఆవిడకి నీ చెయ్యి కావాల్సొచ్చింది. నీకు చలి అని వినిపించింది.

నీ జవాబు విన్నాక అమ్మ ఫోన్ పట్టుకున్న నా చేతిని పక్కకి జరిపి, "పన్లో ఉన్నట్టుంది" అంది. గోడవైపు తిరిగి పడుకుంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నిన్ను తిట్టలేదు. అలిగిందో, సర్దుకుందో నాకు తెలియదు. తెలిసినట్టు రాస్తే అబద్ధమవుతుంది.

అమ్మ చెవి దగ్గర ఫోన్ పట్టుకున్నది నేను. ఆవిడ అడిగిందొకటి, నువ్వు చెబుతున్నదొకటి అని అప్పుడే తట్టింది. ఫోన్ నా వైపు తిప్పుకుని "ఏమేవ్, అమ్మ అడిగింది ఇదీ" అని ఒక్క కేక వేసుంటే సరిపోయేది. వెయ్యలేదు. నీ మనసు రాయి అనుకోవడం సుళువుగా ఉంది. అలా అనుకుంటే, ఇన్నేళ్లు నేను నోరు మూసుకుని తిన్న తిండికి నీకూ నాకూ చెల్లయిపోయినట్టు అనిపించింది. ఇన్నాళ్లూ ఆ కోపాన్ని చక్కగా చిత్రిక పట్టి దాచుకున్నాను.

నీ చెవి పోయిందని నీకు భయమేసి దాచావు. రెండు చెవులూ బాగున్న నేనేం విన్నాను?

శనివారం మొదటి బస్సుకి వస్తున్నాను. మిషన్ కోసం డాక్టరు దగ్గరికి కలిసి వెళ్దాం. పరుపుల హాల్లో ఉంటావో, ఉద్యోగం వదిలేస్తావో నీ ఇష్టం. ఈసారి నేను నోరు మూసుకుని ఉండను, అలాగని నీ బదులు నేను తేల్చనూ తేల్చను.

అమ్మకి చెప్పాల్సిన జవాబు చెప్పడం ఇక నీ వల్లా కాదు, నా వల్లా కాదు. నీతో అనాల్సినవి మాత్రం నీ ఎదురుగా కూర్చుని, వెలుతురులో, నెమ్మదిగా అంటాను. అర్థం కాకపోతే నవ్వి ఊరుకోకు. 'ఏంటీ' అని అడుగు. మళ్లీ చెబుతాను.

నీ
చిత్రిక