అయితది అన్న మాట

1981 జూన్ 9
రాత వంకరపోతోంది, ఒత్తులు తప్పుతున్నాయి. ఏమనుకోకు కాగితమా. తాపీ పట్టే చెయ్యి ఇది.
మిల్లు కొత్త ఇనుప చిమ్నీ ఊగింది! పోయిన వారం గాలివానకు కదల్లేదు... ఇవాళ దండెం మీది పంచె ఎగిరేంత గాలికే. పైన రంగు వేస్తున్న యాకూబ్ నిచ్చెనను కరుచుకున్నాడు.
దిగొచ్చి నవ్వాడు. "పైన ఉయ్యాల ఉన్నది కాకా, టికెట్ లేదు, నువ్వు గూడ ఎక్కు." పెదాలు తెల్లగా.

జూన్ 10
మళ్లీ. గాలి పోయే వైపు కాదు, దానికి అడ్డంగా ఊగుతోంది. గాలి ఆగినా ఊపు ఆగదు.

జూన్ 11
సైటు ఇంజినీరు చిన్నవాడే. అయినా అడగడానికి అరపూట పట్టింది.
"దాన్ని డ్యాంపింగ్ అంటరు మేస్త్రీ. ఊపు తనంతల తనే తగ్గే గుణం. బడిగంట మీద అరచెయ్యి పెడితే మోత ఆగదా? చిమ్నీ లోపల ఇటుక కడితే గదే అరచెయ్యి. ఉత్త ఇనుమైతే మోగుతనే ఉంటది."
"లెక్కల ఎట్ల పట్టిండ్రు?"
"ఇటుక ఉన్నట్టే. గందుకే గాలివాన పోయినంక, చిమ్నీని చుట్టూ పట్టి నిలిపిన కట్టుతాళ్లు విప్పమన్నరు."
లోపల ఇటుక లేదు. ఆ పని నాదే. ఒక్క వరస పెట్టలేదు, ఇటుక లారీయే రాలేదు.
లెక్క కాగితం చూపించాడు. అంచున పెన్సిల్‌తో — 'ఇటుక పని అయింది. మేస్త్రీ చెప్పాడు.'
నేనా!

జూన్ 12
గుర్తొచ్చింది. లెక్క కట్టేటప్పుడు బెజవాడ ఇంజినీరు సైటుకు ఫోన్ చేశాడు. "ఇటుక పని అయిందా?" నేనన్నది ఒకటే ముక్క — "అయితది సార్." మా దగ్గర అయితది అంటే ఇకముందు అవుతుందని. ఆయనకు అయింది అని వినపడింది. ఇంకో మాట కలిపితే పోయేది. కలపలేదు. ఎప్పుడూ కలపను.

జూన్ 13
మేనేజరుకు చెప్పి, తాళ్లు మళ్లీ కట్టిద్దామన్నాను. ఆయన మాట — "బెజవాడ కాగితమొస్తెనే తాళ్లు. బుధవారం రంగు పని మళ్ల షురూ."
యాకూబ్‌ను ఎక్కొద్దన్నాను. "నేను ఎక్కకుంటె ఇంకోన్ని ఎక్కిస్తరు కాకా. జర ఫికర్ తగ్గించుకో."

జూన్ 14
ఫోన్ చెయ్యను. నా మాట మళ్లీ ఏమని వినపడుతుందో... ఉత్తరం ముందు ఇక్కడే రాసుకుంటున్నా. పొద్దున్నే కాశిబుగ్గ పోస్టులో వెయ్యాలి.
'అయ్యా, ఇటుక పని కాలేదు. కాలేదు. ఉత్త ఇనుముకు డ్యాంపింగ్ ఎంత పట్టాలో అంతే పట్టి లెక్క మళ్లీ చూడండి. తాళ్లు కట్టమని ఒక్క ముక్క రాయండి. జవాబు తొందరగా'
తొందరగా — కొట్టేశాను. అది ఎవరికి ఎంతో.
'బుధవారం పొద్దు పొడవకముందే నా చేతిలో పడేటట్టు టెలిగ్రాం ఇవ్వండి.'