ఆల్డర్ వాగు పేరు

కెట్‌రిక్ మిల్,
1867 మే 9.

గౌరవనీయులైన ఓరిన్ టాల్‌మడ్జ్ గారికి,

ఫిలీనా హాస్కెట్ నమస్కారాలు. మీరూ, మీ చెల్లెలు మెహిటబెల్ గారూ కుశలమని తలుస్తాను. ఆరేళ్ల తర్వాత ఈ ఇంటినుంచి ఉత్తరమేమిటని విసుక్కోకుండా చివరిదాకా చదవండి.

ఫిబ్రవరిలో మా ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. మాట మాత్రం పోలేదు. చేప ఈగనుకుని మింగేలా గాలానికి ఈకలు కట్టాలని ఎడమచేత్తో, పళ్లతో తంటాలు పడుతున్నారు. నిన్న కట్టినదాన్ని చూసుకుని, "దీన్ని చూస్తే ట్రౌట్ చేప నవ్వి నవ్వి తనే ఒడ్డున పడుతుందే" అన్నారు.

ఆయన చేపల పుస్తకం మళ్లీ అచ్చు వేస్తామని న్యూయార్క్ నుంచి ప్రచురణకర్త వచ్చాడు. ఆల్డర్ వాగు అధ్యాయం తీసేస్తేనే సరేనన్నారు ఈయన. "జనం కొనేదే దానికోసం కదండీ!" అని అతను మొత్తుకున్నాడు. "ఆ పేరు చదివే రైళ్లెక్కి వచ్చి, బుట్టలకొద్దీ చేపలు పట్టుకుపోయారు. ఓరిన్‌గాడు నాకు చూపించిన వాగది. ఎవరికీ చెప్పనని వాడికి మాటిచ్చాను" అని పంపేశారు. బడి ఉద్యోగం మానుకుని, ఊరంతా పనిలేనివాడంటున్నా పదేళ్లు రాసిన పుస్తకం రెండో అచ్చు అలా ఆగిపోయింది.

ఆరేళ్ల కిందట ఆ పుస్తకం చదివి వచ్చి, మా గుమ్మంలో నిలబడి, "మాట దాచుకోలేనివాడివి, నువ్వేం స్నేహితుడివిరా!" అన్నారు మీరు. ఆయన తల దించుకుని విన్నారు.

ట్రౌట్‌లు ఎగబడి తినే మే ఈగలు నీళ్లమీద వాలుతున్నాయి. మోకాలిలోతైనా వాగులోకి దిగాలని ఆయన కోరిక. నా భుజం ఆయన బరువుకి చాలదు. మీరొచ్చి ఒక్కసారి పట్టుకుంటారా?

మీ స్నేహితుని భార్య,
ఫిలీనా

తా.క. ఇది పైన రాయడానికి ధైర్యం చాలలేదు. ఆయన తన రాతప్రతిలో "ఒక వాగు" అని మాత్రమే రాశారు. అచ్చుకోసం శుభ్రంగా తిరగరాసింది నేను. మీకిచ్చిన మాట సంగతి అప్పటికి నాకు తెలియదు. పేరు లేకపోతే కట్టుకథ అనుకుంటారని నేనే చేర్చాను. అచ్చయ్యాక చూసి, అప్పుడు ఆ మాట సంగతి ఆయన నాకు చెప్పారు. తర్వాత, "పుస్తకంమీద ఉన్నది నా పేరు. తప్పూ నాదే" అన్నారు. మీకు నిజం రాస్తానని ఇవాళ చెబితే, "వద్దే ఫిలీనా, వాడి కోపం నాకు అలవాటైపోయింది. నీకెందుకది?" అన్నారు. ఆయన మాట కాదనడం నాకు కొత్త కాదు. ఇంత సంతోషంగా కాదనడం మాత్రం ఇదే మొదలు.