తలుపు తీసిన చెయ్యి

ఫిబ్రవరి 11, మంగళవారం

ఎడమచేత్తో రాస్తున్నాను. కుడిపక్క కాలర్ బోన్ విరిగింది. అక్షరాలు కోడి గెలికినట్టున్నాయి. ఇవాళ్టికి చాలు.

ఫిబ్రవరి 12

తలకు దెబ్బ తగిలింది కాబట్టి రోజూ నాలుగు లైన్లు రాసుకోమంది డాక్టరమ్మ. గుర్తున్నంతవరకు రాస్తాను.

ఆరో తారీఖు, గురువారం. ఎనిమిదిన్నరకి మంగళగిరిలో బయల్దేరాను. వన్ టౌన్‌లో సాంబమూర్తి గారి హోల్‌సేల్ చీరల కొట్టుకి. బ్యాగులో కొత్త అంచుల డిజైన్లు, గ్రాఫ్ పేపర్ల మీద గీసినవి. నలభై దగ్గరపడుతున్న ఆడదానికి సైకిలేమిటని చుట్టాలందరూ అన్నారు. షుగర్ బోర్డర్‌లో ఉందంటే మొదలుపెట్టాను. తర్వాత షుగర్ సంగతి మర్చిపోయి, ఇష్టమై తొక్కాను.

బ్యారేజి మీద ఎదురుగాలి గుర్తుంది. కొట్లున్న వీధిలోకి తిరగడం గుర్తుంది. ఎడమపక్క సాంబమూర్తి గారి తెల్లకారు అప్పుడే వచ్చి ఆగడం గుర్తుంది. తర్వాత ఆస్పత్రిలో సీలింగ్ ఫ్యాన్.

మధ్యలో ఏమీ లేదు.

ఫిబ్రవరి 14

సాంబమూర్తి గారు ఇంటికి వచ్చారు. మా ఆయన ధనుంజయ్ ఆయన్ని మంచి కుర్చీలో కూర్చోబెట్టి తను నిలబడే ఉన్నాడు. మా కింద ఆరు మగ్గాలు ఆడుతున్నాయంటే సాంబమూర్తి గారి ఆర్డర్ల మీదే. పెళ్ళయిన కొత్తలో మా దగ్గర చీర కొన్న మొదటి మనిషి ఆయన. ఆ రోజు నన్ను కార్లో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళింది కూడా ఆయనే. మంచివారు. ఈ మాట తర్వాత ఎప్పుడైనా మర్చిపోతానేమోనని రాసి పెట్టుకుంటున్నాను.

ఏం జరిగిందో ఆయన చెప్పారు. కారు ఆగి ఉందట. నేను పక్కనుంచి వెళ్తున్నానట. వెనక నుంచి టీవీఎస్ మోపెడ్ మీద మూటలు వేసుకుని ఎవడో స్పీడుగా వచ్చి నా సైకిల్‌ని గుద్దాడట. పోలీసులకు కూడా అదే చెప్పారట. కాస్త ఆగి మళ్ళీ మొదటినుంచి చెప్పారు. రెండుసార్లూ ఒక్క మాట అటూఇటూ కాలేదు.

వాళ్ళావిడ బాలత్రిపురసుందరి గారు రాలేదు. బీపీ అన్నారు. నేను కొట్టుకి వెళ్ళినప్పుడల్లా మజ్జిగ ఇవ్వకుండా పంపని మనిషి.

ఫిబ్రవరి 17

ఆ టీవీఎస్ మనిషి ఎవరని అడిగాను. మా ఆయన టీవీ సౌండ్ పెంచాడు.

ఫిబ్రవరి 20

మా అమ్మాయి శ్రీదుర్గ నాకు జడ వేస్తూ నోరు జారింది. పదో తరగతి పిల్ల, ఏదీ కడుపులో దాచుకోలేదు. టీవీఎస్ ఆయన పేరు రత్తయ్య అట. వన్ టౌన్‌లో బట్టల మూటలు మోసే హమాలీ అట. ఆయన కూడా అక్కడే పడ్డాడట. కాలు రెండుచోట్ల విరిగి గవర్నమెంటు ఆస్పత్రిలో ఉన్నాడట. పైగా కేసు ఆయన మీదే పెట్టారట.

నాన్న నీకు చెప్పొద్దన్నాడమ్మా, అంది.

నన్ను తీసుకెళ్ళిన కార్లో ఇంకో మనిషికి చోటుంది కదా. ఆయన్ని ఎవరు తీసుకెళ్ళారని అడిగాను. దానికీ తెలీదు.

ఫిబ్రవరి 24, పొద్దున 10

ఎవరో అమ్మాయి వచ్చింది. గుమ్మం దాటి లోపలికి రాలేదు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి. పేరు హన్నా. ఏదో ప్రైవేటు స్కూల్లో టీచరట. రత్తయ్య గారి కూతురు.

గొడవకి వచ్చిందేమోనని భయపడ్డాను. కేసు సంగతి ఎత్తలేదు. ఒక్కటే అడిగింది. “మా నాన్న మీకు తగిలించాడా అండీ?” తగల్లేదని మొదట్లో గట్టిగా చెప్పేవాడట. పోలీసులు, కొట్ల వాళ్ళు, అందరూ కలిసి నువ్వే గుద్దావు అంటుంటే ఇప్పుడు నాన్నకే అనుమానం వచ్చేసిందట. నేనే గుద్దానేమోనే అంటున్నాడట. “మీకు తెలిసుంటది కదా, అడిగి వద్దామని వచ్చానండీ.”

నాకేం గుర్తు లేదని చెప్పాను. నిజమే చెప్పాను.

సరేనండీ, ఆరోగ్యం జాగ్రత్త, అని వెళ్ళిపోయింది. మంచినీళ్ళన్నా ఇవ్వలేదు నేను.

ఫిబ్రవరి 25

గుర్తు లేకపోవడం హాయిగా ఉంది. సిగ్గు లేకుండా రాస్తున్నాను.

మార్చి 1

సైకిల్ ఏదని అడిగాను. తుక్కు తుక్కయింది, పాత ఇనుము వాడికి ఇచ్చేశానన్నాడు మా ఆయన. ఇంతకుముందు రిపేరుకిచ్చానని చెప్పినట్టు గుర్తు. నా తల మీద నాకే నమ్మకం లేదు కాబట్టి ఊరుకున్నాను.

మార్చి 4, పొద్దున 11

సైకిల్ మగ్గాల షెడ్డు వెనకే ఉంది. గోనెసంచుల కింద.

బాత్రూమ్ వైపు వెళ్తుంటే చక్రం అంచు కనబడింది. ఒంటిచేత్తో సంచులు లాగాను. వెనక చక్రం తిప్పి చూశాను. వంకర లేదు. చిన్న గీత లేదు. వెనక మడ్‌గార్డ్ చెక్కుచెదరలేదు. వెనక నుంచి బండి గుద్దితే ఇలా ఉంటుందా? ముందుకి వచ్చి చూస్తే హ్యాండిల్ ఎడమ కొస లోపలికి వంగి ఉంది. ఎడమ బ్రేకు పట్టె విరిగింది. విరిగినచోట తెల్ల పెయింటు పెచ్చు అంటుకుని ఉంది.

నా ఎడమచేతి వేళ్ళ మీద పొక్కులు ఇంకా మానలేదు. పడింది కుడివైపు కదా, ఎడమ వేళ్ళు ఎలా చెక్కుకుపోయాయని ఇన్నాళ్ళూ నేను అడగలేదు.

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. అప్పుడు గుర్తుకొచ్చింది. సినిమాలో లాగా కాదు, ఒక్క ముక్కే వచ్చింది. కారు వెనక తలుపు నా ఎదుట గోడలాగా లేచింది. దాని అంచు మీద ఒక చెయ్యి. రెండు బంగారు గాజుల మధ్య ఆకుపచ్చ మట్టిగాజులు.

ఆ చెయ్యి నాకు మజ్జిగ గ్లాసు అందించే చెయ్యి.

మార్చి 4, సాయంత్రం 4

మా ఆయనతో గొడవ. ఇలాంటి గొడవ పదిహేడేళ్ళలో లేదు.

సైకిల్ ఎందుకు దాచావన్నాను. పారెయ్యడానికి చేతులు రాలేదన్నాడు. అంటే నీకు తెలుసన్నమాట అన్నాను. చూడగానే తెలిసిందన్నాడు. వాళ్ళు నిన్ను రోడ్డు మీద వదిలెయ్యలేదు కదా, ఆస్పత్రిలో చేర్చారు కదా, ఆవిడేమన్నా కావాలని తీసిందా, అన్నాడు. కావాలని తీయలేదు. అది నేనూ ఒప్పుకున్నాను. మరి రత్తయ్య కావాలని పడ్డాడా అన్నాను. నా మీదికి బండి రాకుండా పక్కకి తిప్పి ఉంటాడు, లేకపోతే నేను ఇవాళ ఇలా కూర్చుని నీతో పోట్లాడేదాన్నా?

షెడ్డులో మగ్గాల చప్పుడు ఆగిపోయింది. అందరూ వింటున్నారు.

ఆయన గొంతు తగ్గించాడు. “నువ్వు నిజం చెప్తావు, బాగానే ఉంటది. రేపటినుంచి ఆరు మగ్గాల మీద ఏం నేయిద్దాం?”

 

మార్చి 7

పదో తారీఖు సోమవారం హెడ్ కానిస్టేబుల్ నా స్టేట్‌మెంట్ తీసుకోవడానికి ఇంటికి వస్తాడట. ఫోన్ చేసింది పోలీసులు కాదు, సాంబమూర్తి గారు. పెద్ద పనేం లేదమ్మా, రాసే ఉంటది, సంతకమే, అన్నారు. కుడిచెయ్యి లేవదండీ అన్నాను. వేలిముద్రయినా పర్లేదట.

మార్చి 8

మా ఆయన నాతో మాట్లాడటం లేదు. అన్నం మాత్రం ముద్దలు కలిపి పళ్ళెంలో పెట్టి వెళ్తున్నాడు.

మార్చి 9, మధ్యాహ్నం

నాకు గుర్తు లేదు అంటే చాలు. అబద్ధం కాదు, పదిహేను రోజుల కిందట అదే నిజం. ఎవరి మీదా చెప్పినట్టు కాదు. డాక్టరు కాయితం కూడా ఉంది. మగ్గాలు ఆడతాయి. మజ్జిగ ఇస్తారు. రత్తయ్య మాత్రం చేయని తప్పుని చేశానేమో అనుకుంటూ బతుకుతాడు.

రెండు వాక్యాలూ గట్టిగా అని చూశాను. గుర్తు లేదండీ. తలుపు తగిలిందండీ. మొదటిది సులువుగా వస్తోంది.

మార్చి 10, సోమవారం

చెప్పాను.

హెడ్ కానిస్టేబుల్ రాసుకొచ్చిన కాయితం చదివాడు. వెనకనుండి అతివేగముగా, నిర్లక్ష్యముగా, అని ఏదో ఉంది. అది నా మాట కాదండీ అన్నాను. చదవడం ఆపాడు. సాంబమూర్తి గారు మా వరండాలో ఉన్నారు, వినబడేంత దూరంలో.  కారు వెనక తలుపు తెరుచుకుందని, నా ఎడమచెయ్యి దానికి కొట్టుకుని కుడివైపు పడ్డానని, టీవీఎస్ నాకు తగల్లేదని చెప్పాను. సైకిల్ చూడమన్నాను.

తలుపు ఎవరు తీశారని అడిగాడు. మొహం చూడలేదన్నాను. అది నిజమే. గాజుల సంగతి చెప్పలేదు. అక్కడికే నా ధైర్యం అయిపోయింది.

సైకిల్ చూపించమంటే నేను లేవబోయాను. మా ఆయన నాకంటే ముందు లేచాడు. షెడ్డు వెనక్కి వెళ్ళి, గోనెసంచులు తీసి, సైకిల్‌ని భుజానికెత్తుకుని తెచ్చి కానిస్టేబుల్ ముందు పెట్టాడు. 

సాంబమూర్తి గారు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. వెళ్ళొస్తానమ్మా అని ఎప్పుడూ అంటారు. ఇవాళ అనలేదు.

మార్చి 12

ఆర్డర్లు ఆగాయి. గుమస్తా చేత చెప్పించారు.

మార్చి 15

తిరునాళ్ళ జనం. గుడి వైపు ఆటోలు కదలడం లేదు. ఆ జనంలో ఆటో దిగి బాలత్రిపురసుందరి గారు నడుచుకుంటూ వచ్చారు. ఒక్కరే.

చెమటలు కారుతున్నాయి. ఫ్యాన్ కింద కూర్చోబెట్టాను.  నా భుజానికున్న పట్టీనే చూస్తున్నారు. తిట్టడానికి వచ్చారనుకున్నాను. తిడితే పడాలనుకున్నాను.

“తలుపు తీసింది నేనే నాగవేణీ” అన్నారు.

తెలుసండీ అన్నాను.

“నీకు తెలుసు, ఆయనకి తెలుసు, కొట్లో వాళ్ళందరికీ తెలుసు. నన్ను ఒక్కరూ అడగలేదే! నేను నోరు తెరిస్తే నీకు బీపీ, పడుకో, అంటారు. నెలరోజుల్నించీ పడుకోబెడుతూనే ఉన్నారు. చంటిపిల్లనా నేను?”

ఏడవలేదు ఆవిడ. కోపంగా చెప్పారు. ఇటు వచ్చేముందే స్టేషన్‌కి వెళ్ళారట. ఆవిడ పోలీస్ స్టేషన్ మెట్లెక్కడం అదే మొదటిసారి. పెద్దావిడ కదా అని కుర్చీ వేశారట, సార్ గారిని పంపండమ్మా అన్నారట. సార్ గారు తీయలేదు తలుపు, నేను తీశాను, నా పేరు రాసుకోండి అన్నారట. రాసిందాకా లేవలేదట.

ఆయనకి ఇంకా చెప్పలేదు, ఇప్పుడు ఇంటికెళ్ళి చెప్పాలి, అన్నారు. అప్పుడు మాత్రం కాస్త భయపడ్డట్టు కనిపించారు.

మజ్జిగ ఇచ్చాను. తాగారు. ఆర్డర్ల గురించి ఆవిడ ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

మార్చి 23

రత్తయ్య గారింటికి వెళ్ళాను. మా ఆయన బండి మీద దింపి, సందు మొదట్లోనే ఆగిపోయాడు. లోపలికి రావడానికి మొహం చెల్లలేదు.

చిన్న మనిషి. మూటలు మోసే మనిషంటే పెద్దగా ఉంటాడనుకున్నాను. కాలు దిండు మీద పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. మోకాలు ఇంక పూర్తిగా వంగదన్నారట డాక్టర్లు. బరువులు ఎత్తే పని లేదిక. కేసు ఆయన మీదనుంచి తీసేస్తున్నారని హన్నా చెప్పింది. చెప్పేటప్పుడు పెద్దగా నవ్వలేదు. కేసు పోతే కాలు వస్తుందా!

మీరు బండి తిప్పకపోతే నేను లేనండీ అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. తిప్పానో, అదే తిరిగిందో తనకి తెలియదన్నాడు. గుద్దాను గుద్దాను అని రోజూ కల వచ్చేదట.

మీరు నాకు తగల్లేదు అన్నాను.

 ఆయన లోపలికి కేకేశాడు. “ఎలిజబెత్తూ, ఇట్టా రా.” మళ్ళీ నాతో, “ఇంకోసారి చెప్పమ్మా. మా ఆడమనిషి ఇనలేదు” అన్నాడు.

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మళ్ళీ చెప్పాను. పక్కింటివాళ్ళు తలుపు దగ్గరికి వచ్చారు. వాళ్ళ కోసం ఇంకోసారి చెప్పించాడు.

ఏప్రిల్ 6

పట్టీ తీసేశారు. ఇది కుడిచేత్తో రాస్తున్నాను. చెయ్యి నాది కానట్టుంది.

ఆరు మగ్గాల్లో నాలుగే ఆడుతున్నాయి. ఇద్దరు నేతగాళ్ళు వేరే ఆసామి దగ్గరికి వెళ్ళిపోయారు. తప్పు పట్టలేను. బెంజ్ సర్కిల్ దగ్గర కొత్త షాపు వాళ్ళకి మా ఆయన నా డిజైన్లు చూపించి వచ్చాడు. చూస్తామన్నారట. చూస్తామంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. అయినా మళ్ళీ వెళ్తానంటున్నాడు.

ఏప్రిల్ 19

మా ఆయన సైకిల్ బాగు చేయించి తెచ్చాడు. హ్యాండిల్ పట్టుకుని షెడ్డులో నిలబడ్డాను.  ఎక్కకుండానే లోపలికి వచ్చేశాను.

ఏప్రిల్ 27, పొద్దున 6.20

మెయిన్ రోడ్డు దాకా తొక్కాను. ఆగి ఉన్న కార్లు పన్నెండు. పదకొండింటి దగ్గర దిగి నడిపించుకుంటూ దాటాను. పన్నెండోదాంట్లో మనిషి ఉన్నాడు. నేను సైకిల్ దిగలేదు. బెల్లు కొట్టాను. సైడ్ అద్దంలో నన్ను చూశాడు. నేను దాటిందాకా తలుపు తీయకుండా ఆగాడు.