రేడియేటర్‌లో పసుపు

1961 మే, శుక్రవారం రాత్రి

ఒళ్లు పులిసిపోయింది. ఉప్పు కొఠారు వాళ్ల పాత జీపు మళ్లీ పొగలు కక్కుతూ నా రిపేరు షెడ్డుకొచ్చింది. డ్రైవరు మస్తాన్ కాలువలోని ఉప్పునీళ్లు పోసి ఇంజను పాడుచేశాడని మేనేజరుగారి కోపం. నేను అవునంటే రేపే అతన్ని పనిలోంచి తీసేస్తారట.

"అల్లా మీద ఒట్టు, బావినీళ్లే పోసినానన్నా" అన్నాడు మస్తాన్.

ఫ్యాను బెల్టు, నీళ్ల పంపు బాగానే ఉన్నాయి. సాయంత్రం రేడియేటర్ విప్పితే గొట్టాలన్నీ పసుపుతో పూడుకుపోయి ఉన్నాయి. పోయిన నెల అతను టీకి వెళ్లినప్పుడు, లీకు ఆగుతుందని పిడికెడు పసుపు పోసింది నేనే. వారంలో వచ్చి టంకం పెట్టించుకోమని చెప్పడం మరిచిపోయాను.

"ఏం దొరికిందన్నా?" అని అడిగాడు.

"రేపు చెప్తాలే" అన్నాను.

"నువ్వు చూసినావు గదా, ఇంక నాకు భయం లేదు" అని ఇంటికి పోయాడు.