నడుమ నీ జాగ

యాదగిరీ,

నీ సంవత్సరీకం అయిన వారానికే మన యువజన సంఘానికి ఢిల్లీ నుంచి పిలుపు వచ్చింది. నువ్వు ఏళ్లు తిరిగినా దొరకని పెద్ద నాయకుడు, నీ తర్వాత నేను అధ్యక్షుణ్ణి అయ్యాక దొరికారు. ఈ ముక్క నీకు చెప్పాలనే రాస్తున్నాను.

ఆయన ముందు మన వాగు నీళ్ల సీసా పెట్టాను. మూత తీసి, ఫ్యాక్టరీలు వదిలిన ఆ నల్లనీళ్లను వాసన చూసి ముఖం తిప్పుకున్నారు. సీసాలో పట్టి తేవాలని ఎవరికి తోచిందని హిందీలో అడిగారు. నేను నోరు తెరిచేలోపే మనవాళ్లంతా నీ పేరు చెప్పారు. రైల్లో దారి పొడుగునా దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది నేను.

తర్వాత ఫోటో. అధ్యక్షుడు నడుమ నిలబడటం మన పద్ధతి కదా. నేను వెళ్లబోతే మన సంఘం మల్లేశం చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు జెర పక్కకు నిలబడన్నా. గది యాదన్న జాగ."

జరిగాను. అంతలో ఆ నాయకుడే వచ్చి ఖాళీలో నిలబడ్డారు. మల్లేశం ఆయన్నీ వదల్లేదు.

"సార్, జెర అటు జరుగుండ్రి" అని తెలుగులోనే చెప్పి చేత్తో చూపించాడు. సంగతి తెలుసుకుని ఆయన నాకు అటుపక్కన నిలబడ్డారు.

ఫోటోను సంఘం గదిలో తగిలించాం. వచ్చినవాళ్లంతా ఆ ఖాళీ గురించే అడుగుతున్నారు. నాయకుడి పక్కనున్న నన్ను ఎవరూ అడగరు. ఫోటోలో అందరూ కెమెరా వైపు చూస్తున్నారు. నేనొక్కణ్ణే నీ జాగ వైపు చూస్తున్నాను.

నర్సింహులు